గిడ్డమ్మ ప్లేటు

ఏప్రిల్ 5, 2009. ఆదివారం.

ఈ వారమూ ముగ్గురమే. నేను, దేవేంద్రప్ప, హెన్రీ. ఇరవై రెండేళ్లుగా ఆదివారం పది గంటలకు మా ఇంట్లో కూర్చుని రికార్డు ప్లేట్లు వింటున్నాం. ఒకప్పుడు తొమ్మిది మందిమి. కొందరు పోయారు. కొందరి ఇళ్లలోకి టీవీలు వచ్చాయి, అదీ పోవడమే.

దేవేంద్రప్ప రిటైరైన టీచరు. పుట్టింది ఆదోని పక్క, ఉండేది కర్నూల్లో. ఈ రోజు జేబులోంచి చిటికెనవేలంత పెన్‌డ్రైవ్ తీసి నా రికార్డ్ ప్లేయర్ మీద పెట్టాడు. నీ పదకొండు వందల ప్లేట్లు దీంట్లో పోసినా ఇంకా జాగా మిగుల్తాది ఓబులేసప్పా, ఊరికే దుడ్లు తగలేసినావు, అన్నాడు. తీసెయ్ దాన్ని, మూతకు గీతలు పడతాయి అన్నాను. హెన్రీ నవ్వాడు. హెన్రీ వాచీలు రిపేరు చేస్తాడు, మాట తక్కువ. నవ్వితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

నాది మైక్‌సెట్ షాపు. ఓర్వకల్లు చుట్టుపక్కల పెళ్లి జరిగినా, అమ్మవారి దేవర జరిగినా నా గొట్టాలే మోగేవి, నా ప్లేట్లే తిరిగేవి. ఇప్పుడు నా షాపుకు ఎదురుగా భూపేష్ అనేవాడు సెల్ పాయింట్ తెరిచాడు. ఇచ్చట అన్ని పాటలు డౌన్‌లోడ్ చేయబడును అని బోర్డు. అన్ని అంట. సాయంత్రం పోయి పరీక్ష పెట్టాను. నేను ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి సంపాదించిన పాటలు పదిహేను అడిగాను. పదిహేనూ ఉన్నాయి. చివరికి గిడ్డమ్మ గొర్రు తత్వం ఉందా అన్నాను. ఎవురప్పా గిడ్డమ్మ, అన్నాడు.

పెళ్లికొడుకులా నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 9.

ఎలక్షన్ల సీజన్. ప్రచారం జీపుకు రెండు గొట్టాలు, ఒక యాంప్లిఫయరు ఇచ్చాను. ప్లేట్లు వద్దన్నారు, పెన్‌డ్రైవ్ ఉండాదంట. ముప్పయ్యేళ్లలో పాటలు వద్దన్న కిరాయి ఇదే మొదటిది.

ఏప్రిల్ 12. ఆదివారం.

హెన్రీకి ఈస్టర్. రాలేదు. దేవేంద్రప్పకు మోకాళ్ల నొప్పి. ఒక్కణ్ణే కూర్చుని గిడ్డమ్మ ప్లేటు తుడుచుకున్నాను.

దీని సంగతి ఇక్కడ రాసిపెట్టాలి. 1974లో ఆదోని నూనె మిల్లు సావుకారు ఒకాయన ఆస్పరి దగ్గర పల్లెలో కలుపు తీసే ఒక ఆడమనిషి తత్వం పాడుతుంటే విన్నాడు. కారెక్కించి మద్రాసు తీసుకుపోయి పాడించాడు. చిన్న ప్లేటు. రెండు వైపులా కలిపి ఏడు నిమిషాలు. వంద వేయించి తెలిసినవాళ్లకు పంచాడు, ఏ అంగట్లోనూ అమ్మలేదు. ఆ సావుకారు డ్రైవరు దగ్గర 1981లో నాకు దొరికింది. మనిషి ఒంటిని విత్తనం గొర్రుతో పోల్చిన తత్వం. గొర్రు ఎందుకు ఆగిందని అడిగే చోట ఆమె గొంతు కొంచెం పగులుతుంది. ఆ చోటు కోసమే వేస్తాను. వేసిన ప్రతిసారీ ముల్లు మారుస్తాను. ఏడాదికి నాలుగుసార్లు మించి వేయను.

మిగతా తొంభై తొమ్మిదీ ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. నేను విచారించినంతవరకు ఉన్నది ఇదొక్కటే. ఈ వాక్యం రాస్తుంటే సంతోషంగా ఉంది. అది మంచి సంతోషం కాదని కూడా తెలుసు.

ఏప్రిల్ 26. ఆదివారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన వారం నుంచి హెన్రీది ఒకటే పోరు. గిడ్డమ్మను కంప్యూటర్లోకి ఎక్కిద్దామప్పా, ఇది పగిలితే ఇంగోటి యాడ తెస్తాం, అని. వద్దన్నాను. కంప్యూటర్లోకి ఎక్కితే భూపేష్ అంగట్లోకి దిగుతుంది. అక్కడ దిగితే ప్రతి ఆటోలో మోగుతుంది. అప్పుడు నా దగ్గర ఏముంటుంది? ఈ చివరి మాట వాళ్లతో అనలేదు.

ఇద్దరూ బతిమిలాడితే ప్లేటు వేశాను. రెండో వైపు తిరగేసేటప్పుడు చూశాను. హెన్రీ చొక్కా జేబులో కొత్త ఫోను, దాని మూలన ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. ముల్లు ఎత్తేశాను. ఫోను తీయమన్నాను. తీశాడు. అందులో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదు, దేవేంద్రప్పకూ తెలియదు. బ్యాటరీ అయిపోతే అట్లనే ఎలుగుతాదప్పా, అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను రికార్డింగ్ మాట ఎత్తకముందే బ్యాటరీ అన్నాడు.

మా ఊళ్లలో కోడి పోయినా తేల్చేది కర్పూరమే. వెలిగించి, నేను తీయలేదని చెప్పి అరచేత్తో ఆర్పాలి. తీసినవాడు ఆర్పలేడు. ఇంక పంచాయితీ అక్కర్లేదు. పూజగూట్లోంచి కర్పూరం బిళ్లలు తెచ్చి పళ్లెంలో ఒకటి వెలిగించాను. దేవేంద్రప్ప అడగకముందే ఆర్పేసి చెయ్యి ఊదుకున్నాడు. రెండోది వెలిగించాను. హెన్రీ కదల్లేదు. పోనీ మీ బైబిల్ మీద ప్రమాణం చెయ్యి అన్నాను. ఒట్టే పెట్టుకోవద్దని ఆ పుస్తకంలోనే రాసుండాదప్పా, అవునంటే అవును, కాదంటే కాదు, నేను కాదంటాండా, అన్నాడు. దొంగకు ప్రతి పుస్తకమూ సాక్ష్యమే అన్నాను. కర్పూరం దానంతటదే కాలిపోయింది. నా గడప తొక్కొద్దన్నాను.

చెప్పులేసుకుని పోయాడు. కాఫీ గ్లాసు ముట్టనైనా లేదు.

మా ఆవిడ రామసుబ్బమ్మ వంటింట్లోంచి అంతా విన్నది. పాట కోసం మనిషిని పోగొట్టుకుంటివి, అంది. పాట కోసం కాదన్నాను. మరి దేనికోసమని అడిగింది. ప్లేటు తుడిచి కవర్లో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 27.

హెన్రీకి నా బీరువా తెలుసు, ఏ అరలో ఏ ప్లేటుందో తెలుసు. పొద్దున్నే గిడ్డమ్మ ప్లేటు తీసి, రామసుబ్బమ్మ పట్టుచీరలో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. షాపు వెనక రేకుల షెడ్డులో అటక మీదికి, పాత గొట్టాల వెనక్కి తోశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఉన్న ఒక్క పట్టుచీరా నా సవతికి కట్టబెట్టినావా, అని రామసుబ్బమ్మ తిట్టింది. తిట్టనీ. ఇక భయం లేదు.

భూపేష్ దగ్గరికి పోయి గిడ్డమ్మ వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు.

మే 3. ఆదివారం.

హెన్రీ రాలేదు. నేను రావద్దన్నాను కదా.

మే 6.

గిడ్డమ్మ వచ్చిందా? రాలేదు. భూపేష్ నన్ను చూడగానే నవ్వుతున్నాడు. పిచ్చోడు అనుకుంటున్నట్టున్నాడు. అనుకోనీ. హెన్రీ దాన్ని ఎక్కడ వదులుతాడో తెలియకుండా ఉంది. ఆటో పోతుంటే చెవి అటే పోతోంది.

మే 10. ఆదివారం.

దేవేంద్రప్ప వచ్చాడు. పది నిమిషాలు కూర్చుని, ఎండగా ఉండాదని పోయాడు. నాలుగు ప్లేట్లు వేశాను. ఒక్కటీ చెవికి ఎక్కలేదు. రికార్డు ఆగాక బాగుందనో, బాగాలేదనో చెప్పడానికి మనిషి ఉండాలి. హెన్రీ ఏమీ చెప్పేవాడు కాదు, ఊరికే తల ఊపేవాడు.

మే 19.

ఎండ నలభై నాలుగట. మా ఇంటికి బేతంచెర్ల బండలు పరిచాం కాబట్టి లోపల చల్లగానే ఉంది. ప్లేట్ల గదిలో తడి గోనెపట్టాలు కూడా వేలాడదీశాను.

దేవేంద్రప్ప ఫోన్ చేశాడు. ఆస్పరికి పెళ్లికి పోయి ఉన్నాడు. గిడ్డమ్మ బతికే ఉందట. డెబ్భై దాటాయి. మూడు నెలల కింద పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కూతురు శివలీల కూలికి పోతూ చూసుకుంటోందట. నీ కాడ ప్లేటు ఉండాదని ఆ కూతురికి చెప్పినానప్పా, వస్తే కాదనగాకు, అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. ఇన్నేళ్లూ గిడ్డమ్మ చనిపోయిందనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఆస్పరి ఇక్కడికి ఎంత దూరం, రెండు బస్సులు. ఒక్కసారైనా పోయి అడగలేదు. చనిపోయిన మనిషి ప్లేటు దాచుకోవడం సులువు.

జూన్ 2. సాయంత్రం.

శివలీల వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో పాత ఫోను, అందులో ఇందుకోసమే కొన్న కొత్త మెమరీ కార్డు. సావుకారు వాళ్లకూ ఒక ప్లేటు ఇచ్చాడట. వేసుకునే మిషను లేక మజ్జిగ కుండ మీద మూతగా పెట్టుకున్నారు. ఈమె చిన్నప్పుడే పగిలిపోయింది. మొగుడు పోయినప్పటి నుంచి గిడ్డమ్మ మళ్లీ పాడనే లేదు.

శివలీల చెప్పింది ఇది. మాయమ్మ నోరు తెరుస్తాదన్నా, మాట రాదు, రాలేదని ఏడుస్తాది. పాట పాడే వాళ్లకు ఒక్కోసారి పాట ఇంటే గొంతు కదుల్తాదని డాక్టరు చెప్పినాడు. ఆయమ్మ గొంతు ఆయమ్మకు ఒకతూరి ఇనిపియ్యాల. డౌన్‌లోడ్ అంగళ్లు మూడు తిరిగినా, యాడా లేదనిరి. నీ కాడ మాత్రమే ఉండాదని దేవేంద్రప్ప అయ్యవారు చెప్పె.

నీ కాడ మాత్రమే ఉండాది. ఈ మాట ఎవరైనా అనాలని ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూశాను. విన్నాక తల ఎత్తలేకపోయాను. ఎందుకంటే ఇవ్వాలని లేదు. నిజం రాస్తున్నాను, అప్పటికి కూడా ఇవ్వాలని లేదు. వినిపించి తెచ్చుకుంటే చాలదా, ఆ కార్డులోకి ఎక్కించాలా అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను.

షెడ్డులోకి పోయి అటక ఎక్కాను. పెట్టె మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. అప్పుడే తెలిసిపోయింది. అయినా తాళం తీశాను, పట్టుచీర విప్పాను. ప్లేటు అప్పడంలా వంకరపోయి ఉంది. నెల పైన, రేకుల కింద, రేకుపెట్టెలో. నేను మైక్‌సెట్ వాణ్ణి. ఎండాకాలం పెళ్లిళ్లలో ప్లేటుకు ఎండ తగిలితే నా మనుషులను బండబూతులు తిట్టేవాణ్ణి. దొంగ గురించి ఆలోచిస్తూ ఎండను మరిచిపోయాను.

కిందికి దిగి, తాళంచెవి కనబడలేదమ్మా, రెండు వారాల్లో నేనే మీ ఊరికి తెస్తానని చెప్పాను. తాళంచెవి మొలతాడుకే ఉంది. ఆ మాట నమ్మి నాకు దండం పెట్టింది. రామసుబ్బమ్మ అన్నం పెట్టి, బస్సెక్కించి వచ్చింది. నా మొలతాడు వైపే చూసింది.

జూన్ 4.

రెండు అద్దాల మధ్య ప్లేటు పెట్టి, పైన ఇటుకలు పేర్చి ఎండలో ఉంచితే సర్దుకుంటుంది. ఇదివరకు రెండు మూడు అలా బాగుచేశాను. ఇదీ చదునైంది. ముల్లు మార్చి వేశాను. మొదటి మాట ఎవరో మూలిగినట్టు వచ్చింది. రెండో మాట రాలేదు, ముల్లు జారి మధ్యకు పోయింది. తిరగేశాను. అంతే. గీతలు కరిగిపోయి ఉన్నాయి.

ఏడాదికి నాలుగుసార్లు వేసేవాణ్ణి. ఈ రోజు ఇరవైసార్లు వేశాను.

బీరువాలో మిగతా ప్లేట్లన్నీ తీసి చూశాను. ఒక్కటీ చెడలేదు.

జూన్ 5.

భూపేష్ దగ్గరికి పోయాను. గిడ్డమ్మ వచ్చిందా? రాలేదన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఇంకో పేరుతో ఉందేమో, గొర్రు అని కొట్టు, తత్వం అని కొట్టు అన్నాను. పాపం, అన్నీ కొట్టి చూశాడు. లేదన్నా, అన్నాడు. ఈసారి నవ్వలేదు.

జూన్ 7. ఆదివారం.

దేవేంద్రప్పకు చెప్పాను. తల పట్టుకున్నాడు. నువ్వైనా ఎప్పుడైనా చాటుగా రికార్డు చేశావా, చేసి ఉంటే ఏమీ అనను అన్నాను. కర్పూరం ఆర్పితి కదప్పా, అన్నాడు. ఒక మనిషి దేవుడి ముందు అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నా జన్మలో ఇవాళే కోరుకున్నాను.

కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. హెన్రీ ఆర్పలేదు. అంటే హెన్రీ దగ్గర ఉంది. ఉండి తీరాలి. లేకపోతే ఎందుకు ఆర్పడు? ఆటోలో కర్నూలుకు పోయాం. వాచీల అంగడికి తాళం. రాజంపేటలో కూతురింటికి పోయినాడని పక్కన టైలరు చెప్పి అడ్రసు ఇచ్చాడు.

ఇంటికొచ్చి పూజగూటి ముందు నిలబడ్డాను. హెన్రీ దొంగ అయి ఉండాలి స్వామీ అని మొక్కుకున్నాను. రామసుబ్బమ్మ విన్నది. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాండావు, అంది. అని, బస్సులోకి రొట్టెలు చేసి ఇస్తానంది.

జూన్ 9. కడప బస్టాండు, పదకొండున్నర.

రాజంపేట బస్సుకు ఇంకా అరగంట. ఎదురు బెంచీ మీద నలుగురు, నాలుగు ఫోన్లు, నాలుగు పాటలు. నాలుగూ నా దగ్గర ప్లేట్లుగా ఉన్నవే.

ఇంతవరకు ఎక్కడా రాయనిది ఒకటుంది. రాజంపేట చేరేలోపు రాసెయ్యాలి.

1996లో ఇదే కడపలో పాత సామాన్ల అంగట్లో గిడ్డమ్మ రెండో ప్లేటు దొరికింది. నా దానికంటే బాగుంది, ఒక్క గీత లేదు. మా ఆదివారం మిత్రుల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకే ప్లేటు రెండు దొరికితే రెండోది తోటివాడికి ఇవ్వాలి, వరస ప్రకారం. అప్పుడు వరస హెన్రీది. ప్లేటు కొని ఈ బస్టాండుకే వచ్చాను. ఆ గోడ వెనక్కి పోయి మోకాలి మీద పెట్టి విరిచాను. ఆరు ముక్కలు చేశాను. బస్సులో కూర్చున్నాక హాయిగా నిద్రపోయాను. అదే నిజం. హాయిగా నిద్రపోయాను.

రాజంపేట, సాయంత్రం నాలుగు.

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. హెన్రీ ఇప్పుడే వెళ్లాడు.

నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. ఏమప్పా, అంతా బాగుండారా, అన్నాడు. నేను కూర్చోలేదు. గిడ్డమ్మ సంగతి, శివలీల సంగతి, రేకుపెట్టె సంగతి చెప్పాను. దొంగవని అనను, ఆ పొద్దు రికార్డు చేసింది ఉంటే ఇవ్వు, నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను.

హెన్రీ లోపలికి పోయి ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన కూతురు ఒక్కొక్కటే తెరిచి వినిపించింది. చర్చిలో పాటలున్నాయి. మనవరాలి ఏడుపు ఉంది. గిడ్డమ్మ లేదు. మరి కర్పూరం ఎందుకు ఆర్పలేదు అన్నాను. అరిచాననుకుంటాను, పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. ఒట్టు పెట్టుకోనని ఆ పొద్దే చెప్తి కదప్పా, అన్నాడు. మెల్లగానే అన్నాడు.

తర్వాత మళ్లీ అన్నాడు. చేసుకునుంటే బాగుండు. నువ్వు వద్దంటివని చేసుకోల్యా.

1996 సంగతి కూడా చెప్పేశాను. రెండోది నీ వరస అని చెప్పాను. హెన్రీ కూతురి వైపు చూసి కాఫీ తెమ్మన్నాడు. తాగాను. బస్టాండు దాకా వెంట వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 10.

హెన్రీ దొంగ కాడు.

జూన్ 12.

ఆ తత్వం నోటికి వచ్చునా అని రామసుబ్బమ్మ అడిగింది. గుటకలతో సహా వచ్చునన్నాను. పోయి పాడు మరి, అంది. నేను మైకులు కట్టేవాణ్ణే గానీ పాడేవాణ్ణి కాదు, నా గొంతు నీకు తెలుసు కదా అన్నాను. నీ గొంతు బాగుండాదని ఎవురన్నారిప్పుడు, అంది.

జూన్ 14. ఆదివారం.

ఆస్పరి దగ్గర పల్లె. గిడ్డమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ప్లేటు పోయిందని, నేనే పోగొట్టానని, ఇంకొకటి విరిచింది కూడా నేనేనని చెప్పాను. శివలీల మొహం గోడవైపు తిప్పుకుంది. మరెందుకొచ్చినావన్నా, అంది.

పాడాను.

రెండో మాటకే గిడ్డమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టింది. మొదటినుంచి ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడే కొట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు విన్నాను, అక్కడ ఏం తప్పుతున్నానో నాకు తెలియదు.

పదకొండుసార్లు కొట్టింది. పన్నెండోసారి కొట్టలేదు. చివరిదాకా పాడాను. కుదిరిందో, విసుగొచ్చి వదిలేసిందో.